ఇంటర్ అయ్యాక ఎంసెట్ దాకా ఇంటి దగ్గరే: నా అనుభవం

2024లో ఏపీలో ఎంపీసీ వాళ్లకి ఇంటర్ పరీక్షలు మార్చి మధ్యకల్లా అయిపోయాయి. ఈఏపీసెట్ (మేం ఇంకా పాత పేరుతో ఎంసెట్ అనే అంటాం) మే 13 నుంచి అని అప్పటికే ప్రకటించారు. అంటే చేతిలో ఉన్నది రెండు నెలలు. మా బ్యాచ్‌లో చాలామంది షార్ట్ టర్మ్ కోచింగ్ కోసం రాజమండ్రి, విజయవాడ హాస్టళ్లకి వెళ్లిపోయారు. నేను రాజోలు దగ్గర మా ఊళ్లోనే ఉండిపోయాను. కోచింగ్ లేకుండా సిలబస్ అవుతుందా అని అడిగేవాళ్లే ఎక్కువ. సిలబస్‌కి లోటేమీ లేదు. పుస్తకాలు తెలుగు అకాడమీవే, బిట్లు పాత పేపర్లలోవే. ఇంట్లో కష్టం వేరే చోట ఉంటుంది. పొద్దున్నే లేపే వార్డెన్ ఉండడు, స్టడీ అవర్ ఉండదు, సాయంత్రం మార్కుల లిస్టు అంటించేవాళ్లు ఉండరు. ఈ మూడూ మనమే పెట్టుకోవాలి. ఎలా పెట్టుకోవచ్చో, ఎక్కడ పట్టు జారుతుందో రాస్తున్నాను.

ఇంటర్ పరీక్షలు అవ్వగానే వచ్చే వారం అన్నిటికంటే ప్రమాదం. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఊళ్లో వాళ్లందరూ "పరీక్షలు అయిపోయాయిగా" అంటారు. రెండు మూడు రోజులు పుస్తకం ముట్టకపోయినా నష్టం లేదు, కానీ మళ్లీ ఏ రోజు ఎన్నింటికి కూర్చుంటామో సెలవు మొదలవ్వక ముందే కాగితం మీద రాసి గోడకి అంటించాలి. "కాస్త రెస్ట్ తీసుకుని మొదలెడతా" అనుకుంటే ఆ కాస్త ఏప్రిల్‌లోకి వెళ్లిపోతుంది.

మొదలుపెట్టే రోజు చేయాల్సిన పని చదవడం కాదు. ఏదో ఒక పాత ఎంసెట్ షిఫ్టు పేపర్ (పరీక్ష రోజుకి రెండు షిఫ్టుల్లో, ఒక్కో షిఫ్టుకి వేరే పేపర్‌తో జరుగుతుంది) తీసుకుని, ఏమీ తిరగేయకుండా, 3 గంటలు గడియారం పెట్టుకుని రాసేయాలి. 160 బిట్లు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. మార్కులు దారుణంగా వస్తాయి, రావాలి కూడా. ఎందుకంటే ఇంటర్‌కి మనం అలవాటు చేసుకున్నది ఒక లెక్కని పద్ధతి ప్రకారం పేజీన్నర రాయడం, ఇక్కడ దానికి నిమిషం చిల్లర ఉంటుంది. పైగా ఫస్టియర్ పాఠాలు వదిలేసి ఏడాది దాటుతుంది, పేపర్లో దాదాపు సగం వాటినుంచే. ఆ రోజు స్కోరు ఎవరికీ చెప్పక్కర్లేదు. దాని పని ఒకటే, ఏ చాప్టర్ నుంచి మొదలెట్టాలో చూపించడం. నాకు తేలినదాన్నిబట్టి ఫస్టియర్ మ్యాథ్స్ పేపర్లు 1ఏ, 1బీ ముందు పట్టుకున్నాను. స్ట్రెయిట్ లైన్స్, పెయిర్ ఆఫ్ లైన్స్, ప్రాపర్టీస్ ఆఫ్ ట్రయాంగిల్స్. సెకండియర్‌వి ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి వెనక్కి నెట్టాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి, ఎందుకంటే దిగులు సగం ఈ లెక్క తెలియకే. 2024లో ర్యాంకుకి ఎంసెట్ మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులు 25 శాతం. ఎంపీసీ గ్రూపు సబ్జెక్టులు రెండేళ్లవీ ప్రాక్టికల్స్‌తో కలిపి అప్పట్లో 600. అంటే అక్కడ 24 మార్కులు కలిస్తే ఇక్కడ 1. ఎంసెట్‌లో ఒక్క బిట్ 0.47 దాకా తెస్తుంది. తిప్పి చూస్తే ఇంటర్‌లో పోయిన 11, 12 మార్కులు ఎంసెట్‌లో ఒక్క బిట్‌తో సమానం. షిఫ్టుల మధ్య నార్మలైజేషన్ (కష్టం పేపర్, తేలిక పేపర్ తేడాని సరిచేసే లెక్క) వల్ల ఇది అటూ ఇటూ అవుతుంది గానీ మొత్తం మీద తూకం ఇదే. ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఫిజిక్స్‌లో అనుకున్నదానికంటే తగ్గాయి. పొద్దున ఇంట్లో ముఖాలు చిన్నబోయాయి. కాగితం మీద ఈ లెక్క వేసి నాన్నకి చూపిస్తే "ఓసి ఇంతేనా, రెండు బిట్లు!" అని భోజనానికి లేచారు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ అని వారం రోజులు తిరిగే ముందు ఎవరైనా ఈ లెక్క వేసుకోవాలి. పది పన్నెండు మార్కుల కోసం వారం చదువు పోగొట్టుకోవడం దండగ.

రోజు టార్గెట్ గంటల్లో పెట్టుకుంటే పని జరగదు. "ఈ రోజు పది గంటలు చదివా" అన్నమాటలో ఫోన్, నీళ్లు, కిటికీలోంచి చూడటం అన్నీ కలిసిపోతాయి. బిట్లలో పెట్టుకోవాలి. మ్యాథ్స్ 40 బిట్లు 45 నిమిషాల్లో, అది ఒక కట్ట. ఫిజిక్స్ 20 బిట్లు 25 నిమిషాల్లో ఒక కట్ట, కెమిస్ట్రీ 40 బిట్లు 30 నిమిషాల్లో ఒక కట్ట. కట్ట అవ్వగానే కీ చూసి, తప్పులు సరిచేసేదాకా లేవకూడదు. ఈ సరిచేయడానికి రాసినంత టైమూ మళ్లీ పడుతుంది, అక్కడే చాలామంది మానేస్తారు. రోజుకి నాలుగు కట్టలు సరిదిద్దుకోగలిగితే గొప్ప. మొదటి వారాల్లో రెండే అవుతాయి. గోడ మీద క్యాలెండర్‌లో తేదీ పక్కన ఎన్ని కట్టలో ఆ అంకె వేసేదాన్ని. అంత చిన్న అంకెకి అంత బలం ఉంటుందని అనుకోలేదు. రాత్రి తొమ్మిదికి ఒళ్లు బరువెక్కినా, 2 వేసిన చోట 3 వేయాలని కూర్చోవాలనిపిస్తుంది.

ఇంకో చిన్న ఏర్పాటు నాకు బాగా పనిచేసింది. రాత్రి లేచేముందు మర్నాటి మొదటి కట్ట తీసి బల్ల మీద పెట్టి, అందులో మొదటి లెక్క సగం చేసి వదిలేయడం. పొద్దున నాలుగున్నరకి లేచినప్పుడు బుర్రకి నిర్ణయాలు తీసుకునే ఓపిక ఉండదు. ఏ సబ్జెక్టు, ఏ చాప్టర్, ఏ పుస్తకం అని వెతుక్కుంటూ ఉంటే అరగంట పోయి మళ్లీ మంచం కనపడుతుంది. సగం చేసిన లెక్క ఉంటే పెన్ను దానంతటదే కదులుతుంది. చదవాలన్న ఉత్సాహం వచ్చాక కూర్చుందామంటే రాదు. కూర్చున్న పావుగంటకి వస్తుంది, చాలా రోజులు అది కూడా రాదు, అయినా కట్ట అవుతుంది.

తప్పుల పుస్తకం అందరూ పెట్టమంటారు. చాలామంది అందులో లెక్క మొత్తం ఎక్కించి, అందంగా అండర్‌లైన్ చేసి, మళ్లీ తెరవరు. దాని ఉపయోగం తప్పుని రకాల కింద విడగొట్టడంలో ఉంది. నాలుగు గళ్లు చాలు: అసలు తెలీదు, ఫార్ములా గుర్తు రాలేదు, తెలుసు కానీ లెక్క తప్పింది, ప్రశ్న సరిగ్గా చదవలేదు. ఒక్కో తప్పుకి ఒక్క లైను, ఏ పేపర్, ఏ బిట్, ఏ గడి. వారం తిరిగేసరికి బొమ్మ కనపడుతుంది. "నాకు మ్యాథ్స్ రాదు" అని ఏడిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. "ఈ వారం పోయిన మ్యాథ్స్ బిట్లలో ఎక్కువ భాగం ప్లస్, మైనస్ గుర్తు తప్పులు, అవీ 1బీలో లొకస్, డైరెక్షన్ కొసైన్స్‌లోనే" అని తెలిస్తే రేపు చేయాల్సిన పని దొరుకుతుంది. మూడో గడికి మందు: మధ్యలో మైనస్ గుర్తు వచ్చిన ప్రతిచోటా గుండ్రంగా చుట్టడం. నాలుగో గడికి మందు: "కానిది ఏది", "తప్పు వాక్యం ఏది" అన్న మాటలు కనపడగానే రఫ్ కాగితం మీద పెద్ద ఇంటూ వేసుకుని మొదలెట్టడం. రెండో గడిలో ఉన్నవి మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, పరీక్షకి ముందు ఒకసారి కాగితం మీద చూడకుండా రాయాలి. మొదటి గడిలో ఉన్నవాటిలో కొన్ని వదిలేయడమే మంచిది. వదిలేసిన చాప్టర్ల పేర్లు కూడా రాసి పెట్టుకోండి, లేకపోతే రాత్రిళ్లు అవే గుర్తొచ్చి భయపెడతాయి.

చెయ్యి తిరిగే చిన్న విజయాలు రోజులో ముందు పెట్టుకోవడం మంచిది. ఉదాహరణకి ప్రాపర్టీస్ ఆఫ్ ట్రయాంగిల్స్. సూత్రాల అడవిలా భయపెడుతుంది కదా, 3, 4, 5 భుజాల త్రిభుజం తీసుకోండి. వైశాల్యం 6, ఎస్ (చుట్టుకొలతలో సగం) 6, చిన్న ఆర్ (అంతర వృత్త వ్యాసార్థం) 1, పెద్ద ఆర్ (పరివృత్త వ్యాసార్థం) 2.5, ఆర్1, ఆర్2, ఆర్3 (బాహ్య వృత్తాల వ్యాసార్థాలు) వరసగా 2, 3, 6. ఏ త్రిభుజానికైనా నిజమయ్యే సంబంధం అడిగిన బిట్లలో ఈ విలువలు వేసి ఆప్షన్లు చూస్తే చాలావాటికి జవాబు అరనిమిషంలో తేలుతుంది. రెండు ఆప్షన్లకి ఒకే విలువ వస్తే మాత్రం ఇంకో త్రిభుజం పట్టుకోవాలి, సమబాహు త్రిభుజంతో ఈ తిప్పలు మరీ ఎక్కువ. ఇలాంటి చాప్టర్ ఒకటి చేతికి వచ్చిన రోజు ఇంటిగ్రేషన్ ముందు కూర్చోవడానికి ధైర్యం వస్తుంది.

ఇక ఇంటి పరిస్థితులు. గోదావరి డెల్టాలో ఏప్రిల్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు. పగలంతా కోత మిషన్ల రొద, ధాన్యం రోడ్ల మీద ఆరబోస్తారు, మబ్బు పట్టిందంటే ఇంట్లో అందరూ పరదాలు పట్టుకుని పరిగెత్తాలి, పరీక్ష అని మనకి మినహాయింపు ఉండదు. అందుకని మ్యాథ్స్ కట్టలు రెండూ తెల్లారి నాలుగున్నర నుంచి ఏడున్నర లోపు అయిపోయేలా పెట్టుకున్నాను. ఆ తర్వాత రోజు ఏమైపోయినా క్యాలెండర్‌లో 2 ఖాయం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు ఆ ఉక్కలో మోచేతి చెమటకి కాగితం తడిసిపోతుంది. కరెంటు కూడా అప్పుడే పోతుంది. ఆ టైముకి ఇనార్గానిక్ కెమిస్ట్రీ లాంటి చదివి గుర్తుపెట్టుకునేవి అట్టిపెట్టుకుని, కొబ్బరిచెట్ల కింద మడత మంచం వేసుకోవచ్చు. సాయంత్రం ఆరైతే దోమలు. బయట కూర్చునే ఆలోచన పెట్టుకోవద్దు.

ఆ ఏడాది ఎన్నికలు కూడా. మార్చి 16న షెడ్యూలు వచ్చింది, పోలింగ్ సరిగ్గా మే 13నే పడింది. దాంతో ఎంసెట్‌ని 16కి జరిపారు. అగ్రికల్చర్ వాళ్లకి 16, 17. ఇంజనీరింగ్ వాళ్లకి 18 నుంచి 23 వరకు. వాయిదా వార్త వినగానే ఊపిరి పీల్చుకుంటాం, ఆ ఊపిరిలోనే పట్టు పోతుంది. "ఇంకా టైముందిలే" అన్న మాట ఆ వారం నా ఫ్రెండ్స్ అందరి నోటా విన్నాను. నేను చేసిందల్లా పాత తేదీనే గోడ మీద ఉంచేయడం. 13కి అయిపోవాల్సిన ప్లాన్ అలాగే ఉంచి, తర్వాత దొరికిన రోజుల్లో కొత్త చాప్టర్ ఏదీ మొదలుపెట్టకుండా తప్పుల పుస్తకానికే ఇచ్చేశాను. ప్రచారం మైకులు రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మోగకూడదు కాబట్టి తెల్లవారుజాము చదువుకి అడ్డు లేదు. ఆటోకి కట్టిన మైకు వీధిలోకి వచ్చినప్పుడు ఆపేసి మంచినీళ్లు తాగి రావడమే, దానితో పోటీ పడలేం. మే 11 సాయంత్రం ఆరింటికి ప్రచారం ఆగింది, అమ్మయ్య అనుకునేలోపు హైదరాబాద్ నుంచి ఓట్లకి చుట్టాలు దిగారు. 14 దాకా ఇల్లంతా చాపలే. ఆ మూడు రోజులూ బుర్ర పెట్టి చేసేవి ఏవీ పెట్టుకోలేదు, ఫార్ములాలు మాత్రం. ఒక్కటి కలిసొచ్చింది: ఆ వైశాఖంలో మూఢం పడి పెళ్లిళ్లు లేవు. ముహూర్తాలు ఉన్న ఏడాదైతే పెళ్లిళ్ల తేదీలు ముందే తెలుసుకుని వాటిని మీ సెలవు రోజులుగా రాసేసుకోవాలి, అక్కడికి పుస్తకం పట్టుకెళ్లడం వల్ల పెళ్లీ ఉండదు, చదువూ ఉండదు.

చుట్టాల ప్రశ్న ఒకటే. "ఏమ్మా, ర్యాంకెంత వస్తుందేంటి?" దానికి "ఆయ్, చదువుతున్నానండీ" అని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోవడం నేర్చుకున్నాను. కష్టపెట్టేది వాళ్లు కాదు, హాస్టల్లో ఉన్న ఫ్రెండ్స్ వాట్సాప్‌లో పెట్టే వీకెండ్ టెస్ట్ మార్కులు. వాళ్ల పేపర్ వేరు, మన పేపర్ వేరు. ఆ గ్రూపుని మ్యూట్ చేస్తే చాలదు, వేలు దానంతటదే వెళ్లి తెరుస్తుంది. స్మార్ట్‌ఫోన్ అమ్మ దగ్గర పెట్టి, సాయంత్రం ఒక గంట, అదీ అర్థం కాని టాపిక్ వీడియో ఫలానా అని కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగితేనే తీసుకునేలా ఒప్పందం చేసుకున్నాను. పేరు రాయకుండా ఫోన్ తీసుకుంటే వీడియో కింద వీడియో వస్తూనే ఉంటుంది.

చేతకాని రోజులు వస్తాయి. జ్వరం, నెలసరి, ఇంట్లో గొడవ, ఏమీ లేకుండానే ఏడుపు. వాటికోసం ముందే ఒక చిన్న కోటా పెట్టుకోవాలి. నాది తేలిక కెమిస్ట్రీ బిట్లు పది, తప్పుల పుస్తకంలో ఒక పేజీ. పడుకుని కూడా చేయొచ్చు. అది చేశాక క్యాలెండర్‌లో ఒక చుక్క పెట్టి నిద్రపోవడమే. మర్నాడు "నిన్నటిది కూడా కలిపి ఎనిమిది కట్టలు" అని మాత్రం పెట్టుకోవద్దు. ఆ ఎనిమిది అవ్వవు, మూడో రోజుకి పన్నెండవుతాయి, నాలుగో రోజు పుస్తకమే కనపడకుండా దాచేస్తాం.

మాక్ టెస్టులు ఏప్రిల్ మూడో వారం నుంచి. రోజూ రాయడం వల్ల అలసటే తప్ప మార్కులు పెరగవు. ఒక రోజు పేపర్, మర్నాడంతా దాని మరమ్మతు. ఒక పేపర్లో స్కోరు పెరిగి తర్వాతి దాంట్లో దభీమని పడితే గుండె జారుతుంది. చాలాసార్లు పడింది మనం కాదు, ఆ షిఫ్టు పేపర్ కష్టం. నార్మలైజేషన్ పెట్టిందే అందుకు కదా. అందుకని ఒక్కో స్కోరు చూడకుండా మూడు పేపర్ల సగటు చూడండి, ఇంకా మేలు, ఎన్ని బిట్లు ముట్టుకున్నాం, వాటిలో ఎన్ని రైటు అన్న రెండు అంకెలు వేరుగా రాయండి. ముట్టుకున్నవి పెరిగి రైట్లు తగ్గితే తొందర, ముట్టుకున్నవే తక్కువైతే ఒక లెక్క దగ్గర ఇరుక్కుంటున్నట్టు. నా వరస కెమిస్ట్రీ 30 నిమిషాలు, మ్యాథ్స్ 95, ఫిజిక్స్ 45, మిగిలిన పదీ వదిలేసినవాటికి. తెలియనివాటన్నిటికీ ఆఖర్లో ఒకే ఆప్షన్ నొక్కడం మర్చిపోకూడదు. నాలుగింట్లో ఒకటి తగిలే అవకాశాన్ని ఖాళీగా వదలడం ఎందుకు?

ఆ ఏడాది ఎంసెట్ షిఫ్టులు రెండు, 9 నుంచి 12, రెండున్నర నుంచి ఐదున్నర. హాల్ టికెట్ వచ్చేదాకా ఏది పడుతుందో తెలీదు కాబట్టి మాక్‌లు రెండు టైముల్లోనూ రాయాలి. నాకు మధ్యాహ్నం పడింది. అన్నం తిని రాసిన మాక్‌లలో నాలుగు దాటాక కళ్లు మూతలు పడేవి. పదకొండున్నరకే పెరుగన్నం తిని రాసి చూస్తే ఆ ఇబ్బంది తగ్గింది. ఇలాంటివి పరీక్ష రోజు కనుక్కోవాల్సినవి కావు. అధికారిక సైట్‌లో ఉండే ఉచిత మాక్ టెస్టు ఒక్కసారైనా కంప్యూటర్ మీద రాయండి, ఫోన్ మీద వద్దు. మౌస్‌తో నొక్కి సేవ్ చేసి ముందుకెళ్లడం, తలెత్తి తెర చూస్తూ కింద రఫ్ కాగితం మీద లెక్క చేయడం, ఈ రెండింటికీ మెడ అలవాటు పడాలి.

ఖర్చు పెద్దగా లేదు. 2024లో అప్లికేషన్ ఓసీలకి 600, బీసీలకి 550, ఎస్సీ ఎస్టీలకి 500 ఉండేది. మార్చిలో మొదలై ఏప్రిల్ 15 వరకు లేటు ఫీజు లేకుండా కట్టనిచ్చారు. మిగతాది పాత షిఫ్టు పేపర్ల జిరాక్స్, రఫ్ నోట్సులు, నెట్ సెంటర్‌లో మాక్ రాసిన గంటలు. అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు.

సెంటర్ భీమవరంలో పడింది. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, అక్కడి నుంచి భీమవరం. పంటు (గోదావరి దాటించే పడవ) మీద నరసాపురం దాటి వెళ్దామని మావయ్య అన్నారు కానీ రేవులో ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పలేం. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, ఆ రోజుకి రోడ్డే నయం. గేటు దగ్గర పుస్తకాలు తిప్పేవాళ్ల మధ్య నిలబడకుండా దూరంగా చెట్టు కింద కూర్చున్నాను. లోపల బయోమెట్రిక్, రఫ్ కాగితాలు వాళ్లే ఇస్తారు, చేతి గడియారం ఉండకూడదు, టైము తెర మీదే తిరుగుతుంది. ఏసీ చలికి మొదటి పది నిమిషాలు వేళ్లు కొంకర్లు పోయాయి. ఎండలో ఉన్నవాళ్లం దీన్ని ఊహించం, పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు.

తర్వాత ఎదురుచూపు. కీ త్వరగానే వచ్చింది, మన రెస్పాన్స్ షీటుతో పోల్చుకుని మార్కులు ఒకసారి లెక్కపెట్టుకుంటే చాలు. జూన్ 4న ఓట్ల లెక్కింపు, జూన్ 11న మా ర్యాంకులు. ఆ మూడు వారాలూ యూట్యూబ్‌లో "ఇన్ని మార్కులకి ఇంత ర్యాంకు" వీడియోలు చూసి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ టైము కాగితాలకి వాడుకోవడం మంచిది. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం సర్టిఫికెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయం సర్టిఫికెట్ లేదా తెల్ల రేషన్ కార్డు. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఇప్పుడే దిద్దించుకోవాలి, కౌన్సెలింగ్ మొదలయ్యాక గ్రామ సచివాలయంలో క్యూ పెరుగుతుంది.

కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ జులై 1న మొదలైంది. ప్రాసెసింగ్ ఫీజు 1200, ఎస్సీ ఎస్టీలకి 600. వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే జాబితా) పెట్టేటప్పుడు ముందు కాగితం మీద మనకి ఇష్టమైన వరసలో రాసుకోవాలి. వస్తుందా రాదా అన్న భయంతో కింది కాలేజీని పైకి తేవద్దు. కంప్యూటర్ వరస పైనుంచే చూస్తుంది, అది దొరికితే దాని కిందున్నవి చూడదు. జులై మూడో వారంలో సీటు వచ్చింది. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని నమోదు) చేసి ఊరుకుంటే సరిపోదు, గడువులోపు కాలేజీకి వెళ్లి కూడా రిపోర్ట్ చేయాలి. రెండింట్లో ఒకటి తప్పినా సీటు పోతుంది.